గ్రిప్ సంగతి తర్వాత, ముందు కాళ్ళ సంగతి చూద్దాం

ప్రశ్న: నాకు 16 ఏళ్ళండి, మాది గుంటూరు. చిన్నప్పట్నుంచి మట్టి కోర్టు మీదే టెన్నిస్ ఆడుతున్నా, ఇప్పుడు ఏఐటీఏ (ఆలిండియా టెన్నిస్ అసోసియేషన్) అండర్-18 టోర్నమెంట్లు ఆడుతున్నా. ఇక్కడ ప్రాక్టీస్‌లో నాకంటే పెద్దవాళ్ళ మీద కూడా గెలుస్తా, కానీ హైదరాబాద్ వెళ్ళి హార్డ్ కోర్టు ఎక్కితే మొదటి రౌండ్, మహా అయితే రెండో రౌండ్, అంతే. ఫోర్‌హ్యాండ్ లేటవుతోంది, కుడి పక్కకి బయటికి పోతోంది. ఈ మధ్య ఒక సార్ చూసి నీ గ్రిప్పే (రాకెట్ పట్టుకునే తీరే) తప్పు, సెమీ వెస్టర్న్ (అరచెయ్యి పిడికి కాస్త కింద) వదిలేసి ఈస్టర్న్‌కి (అరచెయ్యి పిడి పక్కన) మారు అన్నారు. ఇంకో ఐదు వారాల్లో మళ్ళీ హైదరాబాద్‌లోనే టోర్నమెంట్ ఉంది. మార్చాలా వద్దా? ఇంకోటి, స్కోర్ టైట్ అయితే డబుల్ ఫాల్టులు (రెండు సర్వ్‌లూ తప్పి పాయింట్ పోవడం) పడతాయి. నాన్న ఫెన్స్ వెనకే కూర్చుంటారు, ఆయన మొహం చూస్తే నాకు ఇంకా టెన్షన్. మ్యాచ్ రోజు ఏం తినాలి, క్రాంప్స్ రాకుండా ఏం చెయ్యాలి కూడా చెప్పండి. మొన్న ఓడిపోయిన మ్యాచ్ వీడియో పంపిస్తున్నా. పేరు వెయ్యొద్దు ప్లీజ్.

సమాధానం:

అమ్మా, పేరు వెయ్యట్లేదులే. ముందు గ్రిప్ గురించి సూటిగా చెప్పేస్తా: మార్చకు. ఐదు వారాల్లో టోర్నమెంట్ పెట్టుకుని ఫోర్‌హ్యాండ్ గ్రిప్ మారిస్తే అసలుకే ఎసరు. పాతదాని మీద నమ్మకం పోతుంది, కొత్తది ఇంకా చేతికి రాదు, 4-4 దగ్గర చెయ్యి ఏది పట్టుకోవాలో తేల్చుకోలేక మధ్యలో ఎక్కడో ఆగుతుంది, ఆ బాల్ ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. గ్రిప్ మార్చాలనుకుంటే రెండు మూడు నెలలు టోర్నమెంట్లు ఏమీ లేని టైమ్ చూసుకుని, ఓడిపోయినా పర్లేదు అనుకుని మార్చాలి. అసలు నీకు ఆ అవసరం ఉందని కూడా నాకు అనిపించట్లేదు. ఫెదరర్ గ్రిప్ ఈస్టర్న్‌కి దగ్గరగా ఉండేది, జొకోవిచ్‌ది వెస్టర్న్‌కి (అరచెయ్యి పిడికి పూర్తిగా కింద) దగ్గర, ఇద్దరూ వింబుల్డన్ గడ్డి మీద ఒకటికి నాలుగుసార్లు గెలిచినవాళ్ళే. నీ సెమీ వెస్టర్న్ ఈ రోజుల్లో అందరికంటే ఎక్కువమంది పట్టుకునే గ్రిప్.

అలాగని ఆ సార్ చూసింది తప్పని కాదు. నీ ఫోర్‌హ్యాండ్ పాడవుతున్న మాట నిజమే, ఆయనకి కనపడింది అది. కాకపోతే అది ఎందుకు పాడవుతోందో చెయ్యి చూస్తే తెలీదు, కాళ్ళు చూడాలి. నీ వీడియో సౌండ్ ఆపేసి, బాల్ వైపు చూడకుండా, నీ కాళ్ళు మాత్రమే చూస్తూ మళ్ళీ పెట్టుకో, నీకే తెలుస్తుంది.

ఫస్ట్ సెట్ 2-1లో డ్యూస్ (40-40) పాయింట్ ఉంది చూడు, అక్కడ ఆపు. ఆ అమ్మాయి బ్యాక్‌హ్యాండ్ కొడుతోంది. రాకెట్ ముందుకు వస్తోంది, నువ్వు నిటారుగా నిలబడి ఉన్నావు. బాల్ రాకెట్‌కి తగిలింది, నువ్వు ఇంకా నిలబడే ఉన్నావు. బాల్ నెట్ దాటబోతుండగా అప్పుడు చిన్న గెంతు గెంతావు. గెంతి కిందకి దిగేసరికి బాల్ నీ సైడ్‌లో బౌన్స్ అవ్వబోతోంది. అప్పుడు పరుగు మొదలైంది. పాపం పరుగు బాగానే పెట్టావు, స్పీడుంది నీకు, కానీ చేరేసరికి బాల్ నీ నడుం పక్కకి వచ్చేసింది, ముందు కొట్టాల్సిన బాల్ పక్కన కొట్టావు, రాకెట్ మొహం తెరుచుకుని ఉంది, బాల్ కుడి ట్రామ్ లైన్‌లోకి (సింగిల్స్ గీత అవతలికి) పోయింది. ఇందులో గ్రిప్ చేసిన పాపం ఏముంది చెప్పు? ఆ పొజిషన్‌లో ఏ గ్రిప్ పట్టుకున్నా బాల్ అక్కడికే పోతుంది.

ఇదే బాల్ గుంటూరులో నువ్వు హాయిగా కొట్టేస్తావు. మట్టి బాల్‌ని పట్టుకుంటుంది, స్పీడు తగ్గించి పైకి లేపుతుంది, భుజం ఎత్తుకి వస్తుంది, నీ గ్రిప్‌కి ఆ ఎత్తు బాగా కుదురుతుంది, పైగా ఆఖర్లో కాలు జార్చి అడ్జస్ట్ అవ్వొచ్చు. హార్డ్ కోర్టు మీద బాల్ అంత నెమ్మదించదు, అంత పైకీ లేవదు, దూసుకుంటూ వస్తుంది, జారడానికీ కుదరదు. దీనికి తోడు హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది, గుంటూరు దాదాపు సముద్రమట్టంలోనే ఉన్నట్టు లెక్క, అక్కడ గాలి కాస్త పల్చన కాబట్టి బాల్ ఇంకొంచెం చురుగ్గా వస్తుంది. తేడా చిన్నదే. కానీ బేస్‌లైన్ నుంచి బేస్‌లైన్‌కి 78 అడుగులు, మామూలు ర్యాలీ బాల్ అటునుంచి నీ దగ్గరికి రావడానికి ఒక సెకను, ఒకటింపావు సెకను పడుతుందనుకో, అందులో నువ్వు సగం టైమ్ నిలబడే పోగొట్టుకుంటుంటే ఆ చిన్న తేడాలు కూడా పెద్దవే అవుతాయి. మట్టి మీద నీ తప్పుని కోర్టు కప్పిపుచ్చుతోంది, అంతే.

కాబట్టి మొదటి పని స్ప్లిట్ స్టెప్, అంటే అవతలివాళ్ళు కొట్టే టైమ్‌కి వేసే ఆ చిన్న గెంతు. నీకు చెయ్యడం వచ్చు, టైమింగ్ లేదు. మీ కోచ్ "కాళ్ళు కదుపు, కాళ్ళు కదుపు" అని అరుస్తూ ఉంటారు కదా, అందరు కోచ్‌లూ అరుస్తారు, ఎప్పుడు కదపాలో మాత్రం చెప్పరు. అవతలివాళ్ళ రాకెట్ వెనకనుంచి ముందుకు రావడం మొదలైనప్పుడు నువ్వు గాల్లోకి లేవాలి, బాల్ వాళ్ళ రాకెట్‌కి తగిలే క్షణానికి, లేదా ఆ వెంటనే, నీ కాళ్ళు నేలమీద పడాలి. ఎత్తు ఎక్కువ అక్కర్లేదు, మడమలు లేచి రెండు మూడు అంగుళాలు చాలు, ఎగిరితే గాల్లోనే టైమ్ అయిపోతుంది. మోకాళ్ళు కొంచెం వంగి, పాదాలు భుజాలకంటే కాస్త వెడల్పుగా, బరువు ముందు పాదం మీద. ఇంకొంత అలవాటయ్యాక తెలుస్తుంది, కిందకి దిగేటప్పుడే బాల్ ఎటు వస్తుందో మెదడుకి అందిపోతుంది, కుడికి వెళ్ళాలంటే ఎడమ కాలు ముందు నేలకి తగిలి తోసేస్తుంది. మంచి ప్లేయర్లకి ఇది ఆలోచించకుండానే జరుగుతుంది, అందుకే వాళ్ళు పరిగెడుతున్నట్టు కనపడరు, ఎప్పుడూ అక్కడే ఉన్నట్టు ఉంటారు.

దీన్ని ఎలా ప్రాక్టీస్ చెయ్యాలంటే, మీ అకాడమీలో ఇద్దరు ర్యాలీ ఆడుకుంటుంటే నువ్వు ఒకళ్ళ వెనక నాలుగైదు అడుగుల దూరంలో రాకెట్ పట్టుకుని నిలబడు. బాల్ కొట్టొద్దు. అవతలివాళ్ళు కొట్టే ప్రతి బాల్‌కీ స్ప్లిట్ వేసి, బాల్ వచ్చే వైపు ఒక్క అడుగు వేసి భుజం తిప్పు, మళ్ళీ వెనక్కి రా. ఐదు నిమిషాలు చేసేసరికి పిక్కలు పట్టేస్తాయి, అంటే ఇన్నాళ్ళూ నువ్వు చెయ్యట్లేదనే కదా. ఇది ఫ్రీ, కోర్టు కూడా అదనంగా అక్కర్లేదు. తర్వాత నువ్వు ఆడేటప్పుడు అవతలివాళ్ళు బాల్ కొట్టగానే నోటితో గట్టిగా "హా" అను. "హా" అన్నప్పుడు నీ కాళ్ళు నేలమీద పడుతున్నాయా, గాల్లో ఉన్నాయా, ఇంకా లేవనే లేదా, నీకే తెలిసిపోతుంది. అందరూ నవ్వుతారు, నవ్వనీ. సర్వ్ రిటర్న్ దగ్గర కూడా ఇంతే, అవతలి అమ్మాయి టాస్ వేసినప్పుడు ముందుకి ఒక అడుగు, రాకెట్ పైకి వెళ్ళేటప్పుడు స్ప్లిట్.

ఇక రెండోది, కొట్టాక ఏం చేస్తున్నావు? చూస్తున్నావు. మంచి షాట్ కొట్టి అది ఎంత బాగా వెళ్తోందో చూస్తూ నిలబడుతున్నావు. ఒకవేళ వెనక్కి వచ్చినా నేరుగా సెంటర్ మార్క్ (బేస్‌లైన్ మధ్య గుర్తు) దగ్గరికి వచ్చేస్తున్నావు, ప్రతిసారీ. చిన్నప్పుడు "మధ్యకి రా" అని నేర్పించి ఉంటారు, పదేళ్ళ పిల్లలకి అది సరిపోతుంది, అండర్-18కి సరిపోదు. నువ్వు రావాల్సింది కోర్టు మధ్యకి కాదు, అవతలివాళ్ళు కొట్టగలిగే యాంగిల్స్ మధ్యకి. నీ ఫోర్‌హ్యాండ్ మూల నుంచి క్రాస్ కోర్ట్ (కోర్టుకి ఐమూలగా) కొట్టావనుకో, బాల్ ఆ అమ్మాయి ఫోర్‌హ్యాండ్ మూలకి వెళ్తుంది, అక్కడ్నుంచి తను నీ కుడి పక్కకి బాగా బయటికి లాగగలదు కానీ నీ ఎడమ పక్కకి డౌన్ ద లైన్ (పక్క గీత వెంబడి నేరుగా) మాత్రమే కొట్టగలదు, అంటే మధ్య చోటు సెంటర్ మార్క్‌కి రెండు మూడు అడుగులు కుడి వైపునే ఉంటుంది. నువ్వు కుడి మూలలోనే ఉన్నావు కాబట్టి తక్కువ దూరం వస్తే చాలు. అదే అక్కడ్నుంచి డౌన్ ద లైన్ కొట్టావా, అంతా తిరగబడుతుంది, ఇప్పుడు నువ్వు సెంటర్ మార్క్ దాటి ఎడమ వైపుకి రెండు మూడు అడుగులు పోవాలి. పరుగు రెట్టింపవుతుంది.

నీ వీడియోలో సగానికి సగం పాయింట్లు ఇలాగే పోయాయి. లేటుగా చేరి, బ్యాలెన్స్ లేకుండా, ఇంక రెండో షాట్ ఆడే ఓపిక లేనట్టు డౌన్ ద లైన్ కొట్టేశావు. నెట్ మధ్యలో ఎత్తు 3 అడుగులు, పోస్టుల దగ్గర మూడున్నర. డౌన్ ద లైన్ అంటే ఎత్తైన చోట నుంచి, పొట్టి దూరంలో, అదీ బ్యాలెన్స్ లేనప్పుడు. క్రాస్ కోర్ట్‌కి నెట్ ఆరు అంగుళాలు తక్కువ, మూల నుంచి మూలకి 82 అడుగులు పైనే, నాలుగడుగుల చోటు ఎక్కువ. కాబట్టి ఈ ఐదు వారాలకి ఒకటే రూల్ పెట్టుకో: బేస్‌లైన్ వెనకాల నుంచి, కదులుతూ కొట్టే బాల్ ఏదైనా క్రాస్ కోర్టే, అదీ నెట్ మీద నాలుగైదు అడుగుల ఎత్తులో. కోర్టు లోపలికి అడుగుపెట్టి, రెండు కాళ్ళూ సెట్ అయ్యి, బాల్ నడుం పైన ఉంటేనే డౌన్ ద లైన్. బోరింగ్‌గా ఉంటుంది, తెలుసు. నీ వయసు అమ్మాయిలు చాలామంది నాలుగో క్రాస్ కోర్ట్ బాల్‌కే విసుగొచ్చి లైన్ మీదకి కొట్టేస్తారు, నువ్వు ఐదోది కొట్టగలిగితే చాలా గేములు ఊరికే వచ్చేస్తాయి.

హార్డ్ కోర్టు అలవాటు గురించి. గుంటూరు, విజయవాడ దగ్గర్లో హార్డ్ కోర్టు ఎక్కడ దొరికినా ఆఖరి మూడు వారాలు వారానికి రెండు రోజులన్నా అక్కడ సెట్లు ఆడు, డ్రిల్స్ కాదు, సెట్లు. దొరకకపోతే ఏదో ఒక కాలేజీలో సిమెంట్ బాస్కెట్‌బాల్ కోర్టు ఉంటుంది, నెట్ లేకపోయినా పర్లేదు, ఎవరైనా ఎదురుగా నిలబడి బాల్స్ విసిరితే స్ప్లిట్, పెద్ద అడుగు, తర్వాత బాల్ దగ్గరకొచ్చేటప్పుడు చిన్న చిన్న అడుగులు, ఆగడం, కొట్టడం, ఇవి అలవాటవుతాయి. మట్టి మీద ఆఖరి అడుగు జారుతుంది, ఇక్కడ ఆ జారుడు బదులు మూడు నాలుగు చిన్న అడుగులు కావాలి. మోకాళ్ళ మీద, పిక్కల మీద భారం ఎక్కువ పడుతుంది, మొదటి రోజే మూడు గంటలు ఆడేసి షిన్ నొప్పి తెచ్చుకోవద్దు, గంటతో మొదలుపెట్టు. రాకెట్ వెనక్కి తీసుకోవడం కూడా పొట్టిగా ఉండాలి, మట్టి మీద నువ్వు వేసే ఆ పెద్ద లూప్‌కి ఇక్కడ టైమ్ ఉండదు. అలాగని స్ట్రోక్ మార్చమనట్లేదు, భుజం ముందే తిప్పేస్తే లూప్ దానంతట అదే చిన్నదవుతుంది.

ఇప్పుడు డబుల్ ఫాల్టులు. సెకండ్ సెట్ 4-4, 30-40 దగ్గర నీ సెకండ్ సర్వ్ నాలుగైదుసార్లు వెనక్కి తిప్పి చూశా. ఫస్ట్ సర్వ్‌లో చెయ్యి ఝామ్మని వెళ్ళింది, కొంచెం లాంగ్. సెకండ్ సర్వ్‌లో టాస్ కిందకే ఆగిపోయింది, మోచెయ్యి పడిపోయింది, చెయ్యి నెమ్మదించింది, బాల్‌ని మెల్లిగా అవతలికి పెడదాం అన్నట్టు తోశావు, నెట్. భయంతో ప్రతివాళ్ళూ చేసే పనే ఇది, స్పీడ్ తగ్గిస్తే బాల్ లోపల పడుతుందనుకుంటారు. జరిగేది దానికి రివర్స్. బాల్‌ని కిందకి దించి సర్వీస్ బాక్స్‌లో పడేసేది స్పిన్, స్పిన్ రావాలంటే చెయ్యి వేగంగా వెళ్ళాలి. సెకండ్ సర్వ్‌లో చెయ్యి స్పీడు ఫస్ట్ సర్వ్ అంతే ఉండాలి, ఆ స్పీడు ముందుకి కాకుండా పైకీ పక్కకీ పోవాలి, అంతే తేడా. గ్రిప్ కాంటినెంటలే (సుత్తి పట్టుకున్నట్టు) ఉంచు. వీడియోలో నీ సెకండ్ సర్వ్‌కి చెయ్యి కొంచెం ఫోర్‌హ్యాండ్ గ్రిప్ వైపు జరుగుతున్నట్టు అనిపించింది, నిజంగా గ్రిప్ చూసుకోవాల్సింది ఏదైనా ఉంటే అది ఇక్కడ! ఫోర్‌హ్యాండ్ గ్రిప్‌తో సర్వ్ చేస్తే స్పిన్ రాదు, తోయడం తప్ప గత్యంతరం ఉండదు. టాస్ తల మీదకి, కాస్త ఎడమ పక్కకి, బాల్ వెనక భాగాన్ని కింద నుంచి పైకి గీసినట్టు కొట్టాలి. నెట్ మీద మూడడుగులు పైనుంచి వెళ్ళేలా చూసుకో, నెట్‌లో పడే డబుల్ ఫాల్ట్‌కంటే లాంగ్ పోయే డబుల్ ఫాల్ట్ నయం, ఎందుకంటే చెయ్యి ఆగలేదని అర్థం.

ప్రాక్టీస్ ఇలా: మొదట సర్వీస్ లైన్ మీద నిలబడి కొట్టు, స్పిన్‌తో బాల్ అవతలి బాక్స్‌లోకి దిగేదాకా. వస్తుంటే నాలుగైదు అడుగులు వెనక్కి, మళ్ళీ వెనక్కి, అలా బేస్‌లైన్ దాకా. తర్వాత ప్రాక్టీస్ సెట్లలో ఫస్ట్ సర్వ్ అనేదే లేకుండా ఆడు, ఒక్కటే సర్వ్, పోతే పాయింట్ పోయినట్టే. మొదటి రోజు చిత్తుగా ఓడిపోతావు, వారం పది రోజుల్లో ఆ చెయ్యి భయపడటం మానేస్తుంది. ఇంకోటి, అలసిపోయి కూడా కొట్టాలి, సైడ్‌లైన్ నుంచి సైడ్‌లైన్‌కి నాలుగుసార్లు పరిగెత్తి వచ్చి ఆయాసంతో రెండు సెకండ్ సర్వ్‌లు, మళ్ళీ పరుగు. బాస్కెట్ పక్కన తీరిగ్గా నిలబడి వంద సర్వ్‌లు కొట్టడం వల్ల భుజం నొప్పి తప్ప మ్యాచ్‌కి పెద్దగా పనికిరాదు. 30-40 దగ్గర ఫస్ట్ సర్వ్ కూడా ముప్పావు వంతు బలంతో ఒంటి మీదకో బ్యాక్‌హ్యాండ్‌కో కొట్టెయ్, అసలు సెకండ్ సర్వ్ దాకా పోకుండా. ఏస్‌లు (అవతలివాళ్ళు తాకలేని సర్వ్‌లు) కొట్టక్కర్లేదు నువ్వు. మన హైదరాబాద్ సానియాకి సర్వ్ ఎప్పుడూ పెద్ద ఆయుధం కాదు, ఫోర్‌హ్యాండూ రిటర్నూ ఆవిడ బలం, దాంతోనే 2007లో సింగిల్స్‌లో 27వ ర్యాంక్ దాకా వెళ్ళింది.

టెన్షన్ సంగతి. పాయింట్ పోగానే నువ్వు చేసే మొదటి పని తల తిప్పి నాన్నగారి వైపు చూడటం. ఆయన చెయ్యి నుదుటి మీద పెట్టుకుంటారు, నువ్వు అది చూస్తావు, గబగబా వెళ్ళి సర్వ్ చేసేస్తావు. రూల్ ప్రకారం పాయింట్‌కీ పాయింట్‌కీ మధ్య 25 సెకన్లు ఉన్నాయి, నువ్వు పది కూడా వాడట్లేదు, ముఖ్యంగా ఓడిపోయిన పాయింట్ తర్వాత. గెలిచినప్పుడు నెమ్మదిగా, ఓడినప్పుడు తొందరగా ఆడతారు అందరూ, ఉండాల్సింది అటుదిటు. పాయింట్ అయిపోగానే నెట్‌కి వీపు పెట్టి వెనక ఫెన్స్ వైపు నడువు, రాకెట్ ఎడమ చేతిలోకి మార్చు, గట్స్ (రాకెట్ తీగలు) సర్దుకుంటూ రెండు పెద్ద ఊపిర్లు, తర్వాత పాయింట్‌కి ఒకే ఒక్క ఆలోచన, "బ్యాక్‌హ్యాండ్‌కి సర్వ్, తర్వాత క్రాస్" అంతే, ఆ తర్వాత తిరిగి లైన్ దగ్గరికి. ఫెదరర్ 2024లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో మాట్లాడుతూ చెప్పాడు, కెరీర్‌లో ఆడిన 1,526 సింగిల్స్ మ్యాచ్‌ల్లో దాదాపు 80 శాతం గెలిచాడట, కానీ గెలిచిన పాయింట్లు మాత్రం 54 శాతమే. అంటే అంతటివాడు కూడా దాదాపు సగం పాయింట్లు పోగొట్టుకున్నాడు. నువ్వేమో ఒక్కో పాయింట్‌కీ సంతాపసభ పెడుతున్నావు.

నాన్నగారికి ఈ పేరా చూపించు. సార్, మీరు కోర్టు వెనక కాకుండా పక్కన, వీలైతే దూరంగా, చెట్టు నీడలో కూర్చోండి. అమ్మాయి కంటికి ఎదురుగా ఉండొద్దు. చప్పట్లు కొట్టండి, రెండు వైపులా మంచి షాట్‌కి కొట్టండి. మ్యాచ్ అయ్యాక తిరుగు ప్రయాణంలో గుంటూరు వచ్చేదాకా మ్యాచ్ మాటెత్తొద్దు, తనే ఎత్తితే సరే. ఖర్చు మీరు పెడుతున్నారు, సెలవు పెట్టుకుని తిప్పుతున్నారు, ఆ బాధ నాకు తెలుసు, కానీ అది ఆ అమ్మాయికి 30-40 దగ్గర గుర్తుకు రావాల్సిన విషయం కాదు.

ఇంకో మాట, నువ్వు అడగలేదు కానీ వీడియోలో కనపడింది. మూడు బాల్స్ లైన్ మీద పడినట్టే ఉన్నాయి, ఆ అమ్మాయి అవుట్ అంది, నువ్వు తల దించుకుని వెళ్ళిపోయావు. జూనియర్ మ్యాచ్‌ల్లో చైర్ అంపైర్ ఉండకపోతే ఎవరి సైడ్ వాళ్ళే కాల్ చేసుకోవాలి, అనుమానం ఉంటే బాల్ లోపలే అని ఇవ్వాలి, అది రూల్. మట్టి మీద మార్క్ చూపించమని అడగొచ్చు, హార్డ్ కోర్టులో ఆ వీలు లేదు. అందుకని మొదటి అనుమానం కాల్‌కే మర్యాదగా "ష్యూరా?" అని అడుగు. మళ్ళీ జరిగితే ఆట ఆపి రిఫరీని పిలువు, కోర్టు దగ్గర నిలబడమని అడుగు, అది గొడవ పెట్టుకోవడం కాదు, నీ హక్కు. నువ్వు సర్వ్ చేసేటప్పుడు ప్రతి పాయింట్ ముందూ స్కోర్ అవతలివాళ్ళకి వినపడేలా చెప్పు. స్కోర్ మీద తేడా వస్తే ఇద్దరూ ఒప్పుకున్న పాయింట్లు లెక్కేసుకుని అక్కడ్నుంచి ఆడాలి, ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ళది కాదు. నీ వైపు కాల్స్ మాత్రం నిజాయితీగా ఉండాలి, ఆ అమ్మాయి చేసింది కదా అని నువ్వూ మొదలుపెట్టకు.

టోర్నమెంట్‌కి వీలైతే ఒకరోజు ముందే వెళ్ళి, ఆడబోయే కోర్టుల మీదే గంట కొట్టు. ముందు రోజు అంతకంటే ఎక్కువ వద్దు, కొంతమంది భయంతో ముందు రోజు నాలుగు గంటలు ఆడేసి మ్యాచ్‌కి కాళ్ళు ఈడ్చుకుంటూ వస్తారు. మ్యాచ్‌కి ముప్పావు గంట ముందు ఒంట్లో చెమట పట్టేలా వార్మప్ అయిపోవాలి, జాగింగ్, పక్క అడుగులు, రోప్, ఆ తర్వాతే రాకెట్. కోర్టు మీద అవతలి అమ్మాయితో ఇచ్చే ఐదు నిమిషాలు నీ వార్మప్ కోసం కాదు, తనని చూడటం కోసం. బ్యాక్‌హ్యాండ్‌కి ఎత్తుగా ఒకటి, కిందగా ఒకటి వెయ్యి, ఏది ఇబ్బంది పడుతోందో చూడు, వాలీకి వచ్చినప్పుడు ఒంటి మీదకి ఒకటి వెయ్యి. లెఫ్ట్ హ్యాండర్ అని రెండో గేమ్‌లో కనిపెట్టిన పిల్లల్ని చూశాను నేను.

తిండి గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. నీకు అలవాటైన ఇడ్లీ, పెరుగన్నం, అరటిపండు చాలు, కొత్తవి ఏవీ ఆరోజు ట్రై చెయ్యకు, మ్యాచ్‌కి రెండున్నర మూడు గంటల ముందు తినేసెయ్. చిక్కేంటంటే నీ మ్యాచ్ పలానా టైమ్‌కి అని ఉండదు, ముందు మ్యాచ్ అయ్యాక అని ఉంటుంది, అది రెండు సెట్లలో అవ్వొచ్చు, మూడు గంటలు సాగొచ్చు, అందుకని ఒకేసారి కడుపు నింపకుండా గంటకోసారి కొంచెం కొంచెం తింటూ ఉండు. క్రాంప్స్‌కి అందరూ కొబ్బరినీళ్ళు తాగమంటారు, మంచిదే కానీ అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ, చెమటలో నువ్వు పోగొట్టుకునేది ముఖ్యంగా సోడియం, అంటే ఉప్పు. కాబట్టి ఓఆర్‌ఎస్, డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని రాసి ఉన్న పొడి ప్యాకెట్, దానిమీద లీటరు నీళ్ళు అని ఉంటే లీటరే కలుపు. డబ్బాల్లో వచ్చే తియ్యటి డ్రింకులు కాదు. ఉప్పేసిన మజ్జిగ ముందు రోజు నుంచీ తాగు. ఇంట్లో ప్రాక్టీస్‌కి ముందూ తర్వాతా బరువు చూసుకో, కిలో తగ్గితే దాదాపు లీటరు చెమట పోయినట్టు, సైడ్ మారినప్పుడల్లా ఎంత తాగాలో దాన్నిబట్టి తెలుస్తుంది. క్రాంప్స్ అన్నీ ఉప్పు వల్లే రావు, అలవాటు లేనంత గట్టిగా కాళ్ళు వాడినా వస్తాయి, అందుకే హార్డ్ కోర్టు మీద సెట్లు ముందే ఆడమంది.

రాకెట్ గటింగ్ ఆఖరి వారంలో కొత్తది వేయించు, హైదరాబాద్‌కి నువ్వు మామూలుగా వేయించేదానికి ఒకటి రెండు పౌండ్లు ఎక్కువ బిగువుతో, అంతకంటే వద్దు, పాలీ (పాలిస్టర్) గట్స్ అయితే మోచెయ్యి చూసుకో. రెండో రాకెట్ కూడా అదే టెన్షన్‌లో ఉండాలి. షూస్ మాత్రం ఇప్పుడే కొను, నీ మట్టి కోర్టు షూస్ సోల్ హార్డ్ కోర్టు మీద వారాల్లోనే అరిగిపోతుంది, కొత్తవి కనీసం రెండు వారాలు ప్రాక్టీస్‌లో వేసుకున్నాకే టోర్నమెంట్‌కి తీసుకెళ్ళు.